చూసేవాడు మార్చలేడు, సరే... అంతమాత్రాన అది మారదా?

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడి తీరం వైపు కదిలితే పుదుచ్చేరి ఓడరేవులో ఒక హెచ్చరిక సంకేతం ఎగురుతుంది. పగటిపూట స్తూపం, శంకువు ఆకారపు గుర్తులు. రాత్రివేళ ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. వాటి అమరికను బట్టి ఒక నంబరు. వైత్తికుప్పం, వీరాంపట్టినం లాంటి మత్స్యకార గ్రామాల్లో ఆ నంబరు ఎంతో తెలిస్తే, ఆ రోజు పడవను నీళ్లలోకి దించాలా, ఇసుక మీదే ఉంచాలా అన్నది తేలిపోతుంది. సంకేతాన్ని ఎవరైనా చూడొచ్చు. మార్చే అధికారం మాత్రం ఓడరేవు కార్యాలయానిది, అదీ భారత వాతావరణ శాఖ నుంచి కబురు అందాకే.

ఈ ఏర్పాటు కంప్యూటర్ల కన్నా చాలా పాతది. తుపాను హెచ్చరిక వ్యవస్థ మొదట 1865లో కలకత్తా ఓడరేవులో వచ్చింది. వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. అన్ని ఓడరేవులకూ ఒకే రకం సంకేతాలు 1898లో మొదలయ్యాయి. అప్పటికి పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచివారి చేతిలోనే ఉంది. చిన్న చిన్న సవరణలతో అదే పద్ధతి నేటికీ నడుస్తోంది.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ చదివినవారికి ఇందులో తెలిసిన బొమ్మే కనిపిస్తుంది. లోపల మారుతూ ఉండే ఆబ్జెక్ట్ ఒకటి. బయటివారికి చూపే ముఖం మరొకటి, చదవడానికి మాత్రమే. రీడ్-ఓన్లీ ఇంటర్‌ఫేస్, దాని వెనక మ్యూటబుల్ ఇంప్లిమెంటేషన్ అని పాఠ్యపుస్తకాల్లో ఉండేది దీన్నే. ఇది మంచి డిజైన్. చిక్కల్లా ఆ పేరును జనం అర్థం చేసుకునే తీరులో ఉంది. రీడ్-ఓన్లీ అనగానే చాలామంది ప్రోగ్రామర్లు 'ఇది మారదు' అనుకుంటారు. నిజానికి ఆ మాట ఇచ్చే హామీ చాలా చిన్నది: చదివేవాడు మార్చలేడు, అంతే. ఇంకెవరైనా మారుస్తారా, ఎప్పుడు మారుస్తారు, ఎన్నిసార్లు మారుస్తారు అన్నవాటి గురించి అది ఒక్క ముక్కా చెప్పదు.

ఈ రెండింటి మధ్య తేడా ఎంతుంటుందో 2024 నవంబరు చివర్లో పుదుచ్చేరి చూసింది. ఫెంగల్ తీవ్ర వాయుగుండంగానే తీరం దాటుతుందని మొదట అంచనా. నవంబరు 29 మధ్యాహ్నానికి అది తుపానుగా బలపడింది. 30వ తేదీ మధ్యాహ్నం తీరం దాటవచ్చన్న అంచనా వెనక్కి జరుగుతూ పోయి, చివరకు ఆ రాత్రి 10.30, 11.30 గంటల మధ్య పుదుచ్చేరికి దగ్గర్లో దాటింది. దాటినదైనా ముందుకు పోయిందా అంటే అదీ లేదు, గంటల తరబడి అక్కడే నిలిచిపోయింది. డిసెంబరు 1 ఉదయానికి పట్టణంలో 24 గంటల్లో 48 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది.

ఆ మూడు రోజుల్లో వాతావరణ శాఖ ఒక పని చేసింది, ఒక పని చేయలేదు. పాత బులెటిన్‌ను దిద్దలేదు. కొత్త బులెటిన్ విడుదల చేసింది. ప్రతి బులెటిన్‌కూ ఒక క్రమసంఖ్య, విడుదలైన వేళ ఉంటాయి. ఒకసారి విడుదలైన కాగితం ఎప్పటికీ మారదు. 'తాజా బులెటిన్' అన్నది మాత్రం కొన్ని గంటలకోసారి మారుతుంది. 29వ తేదీ ఉదయం బులెటిన్‌ను జేబులో పెట్టుకున్నవాడి దగ్గర ఉన్నది ఒక నకలు. ఓడరేవు వైపు చూస్తున్నవాడి ముందున్నది ఒక కిటికీ. ఇద్దరూ చదవగలరు, ఇద్దరూ మార్చలేరు. అయినా ఇద్దరి చేతిలో ఉన్నదీ ఒకటి కాదు.

సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండింటికీ తరచూ ఒకే టైప్ పెడతారు. ఇక్కడే అసలు గొడవ మొదలవుతుంది.

ముందు ఈ డిజైన్‌లోని మంచి చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని వదులుకోమని ఎవరూ అనడం లేదు. ఓడరేవు హెచ్చరికను ఒక క్లాస్‌గా రాస్తే దానికి రెండు ఇంటర్‌ఫేస్‌లు సరిపోతాయి. మొదటిది ప్రస్తుత నంబరు ఎంతో, అది ఎప్పటిదో చెబుతుంది. రెండోది మొదటిదాన్ని విస్తరించి, నంబరును మార్చే మెథడ్‌ను చేర్చుకుంటుంది. ఓడరేవు కార్యాలయం వాడే కోడ్‌కు రెండోదాన్ని అందిస్తారు. ఎస్సెమ్మెస్ పంపే కోడ్‌కు, బోర్డు మీద చూపే కోడ్‌కు, గణాంకాలు రాసుకునే కోడ్‌కు మొదటిదే ఇస్తారు. ఒకనాడు బోర్డు మీద తప్పు నంబరు కనిపించిందనుకుంటే వెతకాల్సిన చోటు బాగా చిన్నదవుతుంది. బోర్డు కోడ్ చేతిలో నంబరును మార్చే మెథడే లేదు కాబట్టి దాన్ని అనుమానించనక్కర్లేదు. లక్ష వరుసల ప్రోగ్రామ్‌లో ఇది చిన్న లాభం కాదు. అవసరానికి మించి అధికారం ఇవ్వకూడదన్న పాత పాలనా సూత్రాన్నే ఇక్కడ కంపైలర్ కాపలా కాస్తోంది.

ఇక అవతలి వైపు. ఎస్సెమ్మెస్ పంపే కోడ్ రాసినవాడు ఇంటర్‌ఫేస్‌లో మార్చే మెథడ్ లేదని చూసి నిశ్చింతగా ఉన్నాడనుకోండి. సందేశం మొదటి వాక్యం కోసం నంబరు అడుగుతాడు, 4 వస్తుంది. జాగ్రత్తల పట్టికలో ఏ వరుస చూడాలో తెలుసుకోవడానికి మళ్లీ అడుగుతాడు, ఈసారి 7 వస్తుంది. మధ్యలో ఓడరేవు కార్యాలయం తన పని తాను చేసింది. 4వ నంబరు హెచ్చరిక అని చెబుతూ 7వ నంబరుకు తగిన సలహా ఇచ్చే సందేశం బయటికి పోతుంది. రెండుసార్లూ వచ్చిన జవాబు నిజమే, కలిపి రాసిన సందేశమే అబద్ధం. ఇలాంటి లోపం పరీక్షల్లో దాదాపు దొరకదు. ఎండ కాసే రోజున నంబరు మారదు మరి.

జావాలో దీనికి బాగా తెలిసిన రూపం ఒకటుంది. ఒక లిస్ట్‌ను వరుసగా చదువుతుండగా ఇంకెవరో అందులో ఒక అంశం చేరిస్తే ప్రోగ్రామ్ సాధారణంగా కంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ అని చెప్పి ఆగిపోతుంది. చదివేవాడికి ఇచ్చింది రీడ్-ఓన్లీ వ్యూ అయినా సరే అదే జరుగుతుంది. చదివేవాడు ఏ తప్పూ చేయలేదు, ఆగిపోయింది మాత్రం అతని కోడ్. ఇంతకన్నా మెత్తగా దెబ్బ తీసేది హ్యాష్ పట్టిక. మారే ఆబ్జెక్ట్‌ను తాళంచెవిగా పెట్టి విలువ దాచి, తర్వాత ఆ ఆబ్జెక్ట్‌లోని అంశాలు మారిస్తే, విలువ పట్టికలోనే ఉంటుంది, అడిగితే మాత్రం లేదంటుంది. ఎక్సెప్షన్ లేదు, హెచ్చరిక లేదు. ఇల్లు మారినవాడికి పాత చిరునామాకు ఉత్తరం వేసినట్టే.

భద్రతకు సంబంధించిన చరిత్ర కూడా ఇందులో ఉంది. 1997లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జావా 1.1.1 కిట్‌లో ఒక రంధ్రం బయటపెట్టారు. ఒక క్లాస్‌పై ఎవరు డిజిటల్ సంతకం చేశారో చెప్పే గెట్‌సైనర్స్ అనే మెథడ్ అందులో ఉంది. పేరు చూస్తే చదివే మెథడే. కానీ అది సంతకందారుల పట్టిక నకలు కాకుండా లోపలి అసలు అర్రేనే చేతికిచ్చేది. అర్రేలో ఎవరైనా రాయొచ్చు. దాంతో ఎక్కడి నుంచో దిగుమతైన యాప్లెట్ తన సంతకందారుల స్థానంలో, ఆ కంప్యూటర్ నమ్మే సంతకందారుల పేర్లు పెట్టుకుని వారికిచ్చే అధికారాలు తెచ్చుకోగలిగేది. తర్వాతి కూర్పులో దాన్ని సరిచేశారు. కావాల్సిన మార్పు ఎంత? అసలును కాకుండా నకలును ఇవ్వడం.

ఇరవై ఎనిమిదేళ్లు దాటాయి. అయినా ఇంజనీరింగ్ తరగతి గదుల్లో ఎన్‌క్యాప్సులేషన్ అంటే 'వేరియబుల్‌ను ప్రైవేట్ చేయి, గెటర్ రాయి' అన్న సూత్రమే వినిపిస్తుంది. ప్రైవేట్ లిస్ట్‌ను ఉన్నదున్నట్టు తిరిగిచ్చే గెటర్ అంటే ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టడమే. విద్యార్థి జవాబుపత్రంలో అలా రాస్తే పూర్తి మార్కులు పడతాయి. ఉద్యోగంలో చేరాక మొదటి కోడ్ సమీక్షలో అదే వరుస కింద ఎర్రగీత పడుతుంది. ఈ తేడాను సిలబస్ తీర్చాలి తప్ప అనుభవానికి వదిలేయకూడదు.

జాషువా బ్లాక్ 2001లో వెలువరించిన ఎఫెక్టివ్ జావా పుస్తకంలో దీనికొక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. మొదలు, ముగింపు తేదీలతో ఒక కాలవ్యవధిని సూచించే క్లాస్. మార్చే మెథడ్ ఒక్కటీ లేదు, ముగింపు కన్నా మొదలు ముందే ఉండాలన్న పరీక్షా ఉంది. అయినా అది మారుతుంది, ఎందుకంటే జావాలోని పాత డేట్ క్లాస్ మారే రకం. లోపలికి ఇచ్చిన తేదీని బయట ఉంచుకున్నవాడు తర్వాత దాన్ని జరిపేస్తే వ్యవధి తలకిందులవుతుంది. బ్లాక్ సూచించిన మందు: తీసుకునేటప్పుడూ నకలు, ఇచ్చేటప్పుడూ నకలు. అందులోనూ ఒక మెలిక ఉంది. ముందు నకలు తీయాలి, ఆ తర్వాతే పరీక్షించాలి. అటు ఇటైతే పరీక్షకూ నకలుకూ మధ్య సందులో ఎవరో దూరతారు.

ఇదే బ్లాక్ అంతకు మూడేళ్ల ముందు, 1998లో, జావా కలెక్షన్స్ చట్రానికి ప్రధాన రూపకర్త. ఆ చట్రంలో చదివే లిస్ట్‌కు వేరే ఇంటర్‌ఫేస్ లేదు. ఉన్నది ఒకటే లిస్ట్; చేర్చే, తీసేసే మెథడ్లన్నీ అందులోనే. మార్చకూడని లిస్ట్ కావాలంటే అన్‌మాడిఫయబుల్ లిస్ట్ అనే తొడుగు వేస్తారు. అప్పుడు చేర్చే మెథడ్ కనిపిస్తూనే ఉంటుంది, పిలిస్తే మాత్రం ఎక్సెప్షన్ విసురుతుంది. చదివేది, మార్చేది, సైజు మాత్రం మారనిది అంటూ విడదీసుకుంటూ పోతే ఇంటర్‌ఫేస్‌ల సంఖ్య విపరీతంగా పెరిగిపోతుందన్నది అప్పటి రూపకర్తల వాదన. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ బటన్ పెట్టి, నొక్కితే షాక్ కొట్టేలా చేసి, దానికి 'నొక్కకూడదు' అని అర్థం చెప్పడం డిజైన్ అనిపించుకోదు. కంపైలర్ పట్టుకోవాల్సిన తప్పును అది ప్రోగ్రామ్ నడిచే వేళకు, అంటే వాడుకరి ముందుకు నెట్టేస్తుంది. పైగా ఆ తొడుగు కూడా కిటికీయే. కింద ఉన్న అసలు లిస్ట్ మారితే తొడుగులోంచి ఆ మార్పు కనిపిస్తుంది. నిజంగా మారని లిస్ట్‌ను నేరుగా తయారుచేసే సదుపాయం 2017లో జావా 9తో, ఉన్నదాన్నుంచి మారని నకలు తీసే మెథడ్ 2018లో జావా 10తో వచ్చాయి.

మైక్రోసాఫ్ట్ 2012లో డాట్‌నెట్ 4.5లో ఐరీడ్‌ఓన్లీలిస్ట్ అనే ఇంటర్‌ఫేస్ తెచ్చింది. అందులో మార్చే మెథడ్లు అసలు లేవు, అది మెరుగే. అయితే మామూలు లిస్ట్ క్లాస్ కూడా ఆ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తుంది. కాబట్టి అందుకున్నవాడు ఒక్క కాస్ట్‌తో దాన్ని మళ్లీ మారే లిస్ట్‌గా చూడగలడు. కోట్లిన్ భాషలో లిస్ట్ చదివేది, మ్యూటబుల్ లిస్ట్ మార్చేది. అక్కడా అదే సందు. అయితే కోట్లిన్ రూపకర్తలు తమ పత్రాల్లో ఆ ఇంటర్‌ఫేస్‌లను రీడ్-ఓన్లీ అనే అన్నారు, ఇమ్యూటబుల్ అనలేదు. ఆ జాగ్రత్త మెచ్చుకోదగ్గది. ఆపిల్ వాడిన ఆబ్జెక్టివ్-సి దారి ఇంకొకటి. ఎన్ఎస్అర్రే మారనిది, దానికి పిల్ల క్లాస్ ఎన్ఎస్‌మ్యూటబుల్ అర్రే మారేది. మారని తల్లికి మారే బిడ్డ! అందుకే ఆ భాషలో ప్రోగ్రామర్లు ప్రాపర్టీ ప్రకటించేటప్పుడు 'కాపీ' అని రాయడం అలవాటు చేసుకున్నారు. టైప్ మీద నమ్మకం లేక ప్రతిచోటా నకలు తీయించడమన్నమాట.

ఈ చివరిది ఎందుకు తప్పో గట్టిగా చెప్పినవారు బార్బరా లిస్కోవ్, జెనెట్ వింగ్. 1994లో వారు రాసిన పత్రం సబ్‌టైప్ అంటే ఏమిటో నిర్వచించింది. తల్లి టైప్ స్థానంలో బిడ్డను పెడితే, వాడేవాడికి తేడా తెలియకూడదన్న సూత్రం లిస్కోవ్ పేరుతోనే ప్రసిద్ధం. కానీ తరగతుల్లో ఆ సూత్రంలో సగమే చెబుతారు: మెథడ్ తీసుకునేది, ఇచ్చేది సరిపోవాలని. లిస్కోవ్, వింగ్ ఇంకొక షరతు పెట్టారు, దాని పేరు హిస్టరీ కన్‌స్ట్రెయింట్. ఒక ఆబ్జెక్ట్ కాలక్రమంలో ఏయే స్థితుల గుండా నడవవచ్చో తల్లి టైప్ మాట ఇచ్చి ఉంటే, బిడ్డ కూడా ఆ మాటకు కట్టుబడాలి. 'ఒకసారి చూసిన విలువ ఎప్పటికీ అదే' అన్నది తల్లి మాటైతే, మారే బిడ్డ దానికి సబ్‌టైప్ కానే కాదు, మెథడ్లన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోయినా సరే. 'ఇప్పుడు ఎంత అన్నది మాత్రమే చెబుతాను, రేపటి సంగతి నన్నడగొద్దు' అన్నది తల్లి మాటైతే, మారే బిడ్డకు ఏ అభ్యంతరమూ లేదు. మారని బిడ్డకూ లేదు.

డిజైన్ మొత్తం ఈ ఒక్క వాక్యం నుంచి తేలుతుంది. పైన ఉండాల్సింది ఏ హామీ ఇవ్వని చదివే ఇంటర్‌ఫేస్. దాని కింద అన్నదమ్ముల్లా రెండు: ఒకటి మారేది, ఒకటి మారనిది. మారేది మారనిదానికి బిడ్డ కాకూడదు, మారనిది మారేదానికి బిడ్డ కాకూడదు. మెథడ్ రాసేవాడు తనకేం కావాలో వీటిలో ఏరుకుని అడగాలి. ఒక్కసారి చదివి వదిలేస్తే చదివేది చాలు. విలువను దాచుకుంటే, పట్టికలో తాళంచెవిగా పెడితే, వేరే థ్రెడ్‌కు పంపితే మారనిదే అడగాలి. ఆ అడగడం టైప్‌లోనే ఉంటే కామెంట్లు చదివే బాధ తప్పుతుంది.

మారే మూడు, నాలుగు అంశాలను కలిపి చదవాల్సి వస్తే ఇంకొక పద్ధతి మేలు. నంబరు, వేళ, ప్రాంతం అంటూ విడివిడిగా మెథడ్లు పెట్టకుండా, అన్నీ ఉన్న ఒక చిన్న మారని ఆబ్జెక్ట్‌ను ఒకేసారి ఇవ్వాలి. వాతావరణ శాఖ బులెటిన్ చేసేది ఇదే. 4కూ 7కూ మధ్య పుట్టిన ఆ తప్పు సందేశం అప్పుడు పుట్టదు.

నకలు ఖరీదైనదని ఒక అభ్యంతరం ఉంది. లక్ష అంశాల లిస్ట్‌కు ప్రతిసారీ నకలు తీస్తే జ్ఞాపకశక్తీ సమయమూ ఖర్చవుతాయన్నది నిజం. అయితే 2001లో ఫిల్ బాగ్‌వెల్ వివరించిన హ్యాష్ ట్రై నిర్మాణాన్ని ఆధారం చేసుకుని, 2007లో వచ్చిన క్లోజర్ భాష మారని పట్టికలను చౌక చేసి చూపింది. కొత్త కూర్పు పాతదానితో చాలా భాగం పంచుకుంటుంది, మారిన దారిలోని కొన్ని ముడులే కొత్తవి. 2015లో తొలి స్థిర కూర్పు వచ్చిన రస్ట్ ఇంకో దారి పట్టింది. అక్కడ ఒక విలువను చదవడానికి అరువు తీసుకున్నవారు ఉన్నంతసేపు, ప్రత్యేకంగా అనుమతించిన కొన్ని రకాలు తప్ప, దాన్ని ఎవరూ మార్చకుండా కంపైలర్ అడ్డుకుంటుంది. జావా, సి షార్ప్, కోట్లిన్ ఇవ్వలేని హామీ అది. ఆ భాషల్లో పనిచేసేవారు అది తమకూ ఉందనుకోవడమే ప్రమాదం.

నకలు విషయంలో పుదుచ్చేరికి కంప్యూటర్లతో నిమిత్తం లేని అనుభవం కూడా ఉంది. 1962 ఆగస్టు 16న విలీన ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఇక్కడివారిలో కొందరు ఫ్రెంచి జాతీయతను ఎంచుకున్నారు. వారి కుటుంబాలు నేటికీ ఫ్రెంచి పౌర రిజిస్టర్ల పద్ధతిలోనే జనన, వివాహ వివరాలు నమోదు చేయించుకుంటాయి. ఆ పద్ధతిలో జనన నమోదు ఒకసారి రాసి మూసేసేది కాదు. పెళ్లయితే, విడాకులైతే ఆ వివరం జనన నమోదు పక్కనున్న అంచులో చేరుతుంది. అంటే రిజిస్టర్ మారుతుంది, పౌరుడి చేతికి వచ్చేది తేదీ వేసిన నకలు. అందుకే ఫ్రాన్స్‌లో పెళ్లికి సమర్పించే జనన పత్రం నకలు సాధారణంగా మూడు నెలలకన్నా పాతదై ఉండకూడదని ఫ్రెంచి పౌర స్మృతి 70వ అధికరణం చెబుతుంది. పుట్టిన తేదీ మూడు నెలల్లో మారిపోదు కదా అని విసుక్కునేవారికి అసలు సంగతి అంచులో ఉందని తెలియదు. నకలుకు తేదీ ఉండాలి, ఆ తేదీకి గడువు ఉండాలి. మంచి స్నాప్‌షాట్ టైప్‌కు కావాల్సిన రెండు ఫీల్డులూ గుమస్తాలు ఎప్పుడో రాసిపెట్టారు.

అయితే దీన్నంతా విని, అన్నిచోట్లా మారని ఆబ్జెక్ట్‌లే వాడదామనే ఉత్సాహం కూడా పొరపాటే. ఆ పాఠం నేర్చుకున్న కొత్త ప్రోగ్రామర్లలో ఈ ఉత్సాహం కనిపిస్తుంది. బోర్డు మీద చూపే కోడ్‌కు ఉదయం ఒక నకలు ఇచ్చి సాయంత్రం దాకా అదే చూపిస్తే, ప్రోగ్రామ్‌లో లోపం ఒక్కటీ ఉండదు, వీరాంపట్టినంలో పడవలు మాత్రం తప్పుడు వేళకు సముద్రంలో ఉంటాయి. పడవ దించబోయేవాడికి కావాల్సింది కిటికీ. ఆ రాత్రి ఏ వేళకు ఏ నంబరు ఉందని తర్వాత విచారించే అధికారికి కావాల్సింది నకళ్ల వరుస. ఒకే ఆబ్జెక్ట్‌ను ఇద్దరికీ ఇవ్వాలని చూసినప్పుడే డిజైన్ చెడుతుంది.

కిటికీకి ఇంకో జబ్బు ఉంది, పుస్తకాలు దాన్ని పెద్దగా పట్టించుకోవు. కిటికీలో కనిపించేది తాజాదని చూసేవాడు నమ్ముతాడు. పుదుచ్చేరి పట్టణానికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి ఒడ్డున అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం ఉంది. పుదుచ్చేరిలోని సర్వర్‌లో ఉన్న ఒక విలువను యానాంలోని ఒక తెర చూపిస్తోందనుకుంటే, మధ్యలో తీగ తెగిన క్షణాన ఆ తెర ఏం చేస్తుంది? రీడ్-ఓన్లీ ఇంటర్‌ఫేస్ వెనక ఉన్న కోడ్ చివరిసారి అందిన నంబరునే మళ్లీ మళ్లీ ఇస్తుంది. చదివేవాడికి అది మారని విలువలా కనిపిస్తుంది. మారే ఆబ్జెక్ట్ అనుకోకుండా మారనిదైపోయింది, అదీ ఎవరికీ చెప్పకుండా.

భారత ఓడరేవుల సంకేతాల్లో నంబర్లు 1 నుంచి 11 వరకు ఉన్నాయి. 1, 2 సముద్రంలో దూరంగా ఉన్న ప్రమాదానికి. 3, 4 ఓడరేవుకు ఈదురుగాలుల ముప్పుకు. 5, 6, 7 తుపాను ఓడరేవుకు ఏ పక్కగా లేదా మీదుగా దాటుతుందో చెప్పడానికి. 8, 9, 10 అదే తీవ్ర తుపానుకు. మిగిలిన 11వ నంబరు గాలి గురించి చెప్పేది కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం ప్రమాదకరంగా మారవచ్చని స్థానిక అధికారి భావిస్తున్నాడు అని దాని అర్థం. జావా అన్‌మాడిఫయబుల్ లిస్ట్‌లో గానీ, డాట్‌నెట్ ఐరీడ్‌ఓన్లీలిస్ట్‌లో గానీ, కోట్లిన్ లిస్ట్‌లో గానీ ఆ మాట చెప్పగల మెథడ్ ఒక్కటీ లేదు.